సరిహద్దున సైనికుడు - ఇంటిలో అప్పు

సైనికుడు కొలువునకు బయలుదేరునపుడు ఇంటివారు కట్టియిచ్చు మూటలో కంటికి కనబడని బరువొకటి తరచుగ ఉండును. అది అప్పు. చెల్లెలి పెండ్లికి వ్రాసిన నోటో, ఇల్లు కట్టుకొనుటకు బ్యాంకిలో తీసికొన్న ఋణమో, బోరు వేయించుటకు కుదువబెట్టిన నగలో, ఏదో యొకటి అతని వెంటనే కొండలెక్కును. సైనికుల వీరగాథలను మా ప్రసంగములలో శ్రోతలు పలుమారులు వినియున్నారు. నేడు మేము చెప్పదలచినది ఇంటి లెక్క. సైనికుడు దూరప్రాంతమున విధి నిర్వహించు రెండు మూడేండ్లలో కుటుంబ ఋణమును క్రమముగ తీర్చుకొను విధానమేది? అందులకు చట్టమిచ్చు రక్షణలేవి? ఆ రక్షణలకు హద్దు లెక్కడ? ఈ ప్రశ్నలకు వలసిన సమాధానములను క్లుప్తముగ వివరింతుము.

ఈ విషయము తెలుగువారికి పరాయిది గాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. రెండు ప్రపంచ యుద్ధములలోను ఆ గ్రామమునుండి పెక్కురు సైన్యమున చేరిరి. శ్రీకాకుళము మొదలుకొని రాయలసీమ వరకు, తెలంగాణములోను, కొడుకునో అల్లునినో సైన్యమునకు పంపిన ఇండ్లు అనేకము. ఆ యిండ్లకు వచ్చు ఉత్తరములపై ఊరిపేరు ఉండదు, 56 ఏ.పి.ఓ. అనియో, 99 ఏ.పి.ఓ. అనియో ఉండును. మనిషి ఎచట నున్నదియు ఇంటివారికి సరిగా తెలియదు గాని, నోటుపై వడ్డీ ఎంత పెరిగినదియు మాత్రము బాగుగ తెలియును.

క్షేత్ర ప్రాంతమున గడపు కాలము అప్పు తీర్చుటకు అనువైన కాలమని మొదట గుర్తింపవలెను. ఏలయన, అచట సైనికుని తిండి, బట్ట, బస ప్రభుత్వమే చూచును. ఖర్చు పెట్టుటకు బజారు కూడ చేరువలో ఉండదు. ఖర్చు తగ్గిన యా కాలముననే రాబడి పెరుగును. జవాన్లకును జె.సి.ఓ.లకును నెలకు 5,200 రూపాయల సైనిక సేవా వేతనము 2016 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దానికి తోడు కష్టప్రాంతములకు ప్రత్యేక భత్యములు కలవు. సియాచిన్ హిమానీనదముపై పనిచేయు జవాన్లకు అంతవరకు నెలకు 14,000 రూపాయలుగ నున్న భత్యమును 2017 జూలై 1 నుండి 30,000 రూపాయలు చేసిరి. ఐక్యరాజ్యసమితి శాంతిదళములలో విదేశములకు పోవువారికి ఆ కాలమునకు వేరు భత్యములు లభించును. ఈ అదనపు రాబడి శాశ్వతము కాదు. సైనికుడు కొండ దిగిన నాడే అదియు దిగిపోవును. కావున దానిని శాశ్వతమైన ఖర్చులకు ముడిపెట్టరాదు. ముగింపుగల పనికి వినియోగింపవలెను. అప్పు తీర్చుట అట్టి పనులలో మొదటిది.

ఇచట ఒక చిక్కు కలదు. రాబడి పెరిగిన యింటికి అప్పిచ్చువారును పెరుగుదురు. పంజాబు రైతుల స్థితిగతులను పరిశీలించి సర్ మాల్కమ్ డార్లింగ్ 1925లో ఒక ప్రసిద్ధ గ్రంథము ప్రకటించెను. పేదరికమున పుట్టిన అప్పు సంపద వచ్చినపుడు తరుగక పోగా పెరుగుటయు కలదని ఆయన కనుగొనెను. ఆస్తి విలువ పెరిగినకొలది పరపతియు పెరుగుటయే దానికి కారణము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బి.బి.సి.లో భారతీయ ప్రసారముల సంపాదకత్వము వహించినవాడును ఈయనయే. ఆయన చెప్పిన మాట నేటి సైనిక కుటుంబమునకు అక్షరాల వర్తించును. ప్రభుత్వ జీతము, నెలనెల తప్పని రాబడి, ఊరిలో గౌరవము అను మూడును చూచి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, షావుకార్లు కూడ పిలిచి అప్పిత్తురు. కారు, టి.వి., ఖరీదైన ఫోను వాయిదాలపై ఇంటికి వచ్చును. కొండపై సంపాదించిన భత్యము ఊరిలో వాయిదాలకు చెల్లిపోవును. పాత నోటు పాతదిగనే నిలుచును.

మరి తీర్చుట ఎట్లు? మొట్టమొదట అప్పులన్నిటిని ఒక కాగితముపై వ్రాయవలెను. ఎవరికి ఎంత, ఎన్నడు తీసికొన్నది, వడ్డీ ఎంత, హామీ ఏమి, నోటుపై ఎవరెవరి సంతకములున్నవి అను అయిదు విషయములు ప్రతి యప్పునకు ఎదుట ఉండవలెను. వడ్డీని వ్రాయునపుడు అన్నిటిని ఒకే కొలతలోనికి తేవలెను. మన పల్లెలలో నూటికి రెండు రూపాయల వడ్డీ యన్నచో నెలకు రెండు రూపాయలని అర్థము. అనగా ఏడాదికి 24 శాతము. బ్యాంకివారు తొమ్మిది శాతమన్నచో అది ఏడాది లెక్క. మన లెక్కలో నూటికి ముప్పావలా. రెండు అను అంకె తొమ్మిదికన్న చిన్నదిగ కనబడుటవలన మోసపోవు కుటుంబములు కలవు. క్రెడిట్ కార్డుపై బాకీ నిలువయుంచినచో నెలకు మూడు రూపాయలును, అంతకు మించియు పడుట సాధారణము.

తరువాత అధిక వడ్డీగల అప్పును ముందు తీర్చవలెను. ఒక లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చియున్న జవాను, చేతికి వచ్చిన మరియొక లక్షను భవిష్యనిధిలో వేసినాడనుకొందము. సైనికుల భవిష్యనిధికి 2024-25లో 7.1 శాతము వడ్డీ లభించినది. నిధిలో ఏడాదికి 7,100 రూపాయలు వచ్చును. నోటుపై 24,000 రూపాయలు పోవును. దాచుకొన్నానను తృప్తికి అతడు ఏడాదికి 16,900 రూపాయలు చెల్లించుచున్నాడన్నమాట. నియమము ప్రకారము కట్టవలసిన చందాను విడువక కట్టవలసినదే. అంతకు మించిన సొమ్ము మాత్రము ముందు నోటునకు పోవుట మేలు.

ఒక ఉదాహరణము చూతము. ఒక కుటుంబమునకు లక్ష రూపాయల నోటు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీపై నున్నది; నగలపై 60,000 రూపాయల అప్పు నూటికి రూపాయి వడ్డీపై నున్నది. ఇంటి ఖర్చులు పోగా నెలకు 10,600 రూపాయలు అప్పులకు మిగులుచున్నది. నగలపై నెలవడ్డీ 600 రూపాయలు మాత్రము కట్టుచు, తక్కిన 10,000 రూపాయలను నోటునకు చెల్లించినచో పండ్రెండవ నెలలో నోటు తీరును. పిదప సొమ్మంతయు నగల అప్పునకు మరల్చినచో పదునెనిమిదవ నెలలో అదియు తీరును. ఈ క్రమమున మొత్తము వడ్డీ సుమారు 21,500 రూపాయలగును. ఇక నగలనే ముందు విడిపించిరనుకొందము. ఎనిమిదవ నెలలో నగలు ఇంటికి వచ్చును. నోటు పదునెనిమిదవ నెలలో తీరును. వడ్డీ సుమారు 29,000 రూపాయలగును. తేడా దాదాపు 7,400 రూపాయలు. భార్య మెడలోని నగ పదినెలలు ముందుగ ఇల్లు చేరుటకు అది వెల. ఆ వెల ఇచ్చుటయా మానుటయా అనునది ఆలుమగలు కలసి నిర్ణయించుకొనవలసిన విషయము. వెల ఎంతయో తెలిసి నిర్ణయించుట మాత్రము అవసరము.

ఇంతకంటె ముందుగ ఒక జాగ్రత్త పడవలెను. చేతనున్న ప్రతి రూపాయిని అప్పునకు కట్టి ఇంటిని వట్టి చేతులతో ఉంచరాదు. మామగారికి జబ్బు చేసినను, గాలివానకు కప్పు లేచిపోయినను సైనికుడు మరునాడు వచ్చి నిలువలేడు. మూడు నెలల ఇంటి ఖర్చునకు సరిపడు సొమ్ము భార్య పేరనో ఉమ్మడి ఖాతాలోనో కదలని నిల్వగ ఉండవలెను. అది లేనిచో మొదటి యాపదలోనే క్రొత్త నోటు వ్రాయవలసి వచ్చును. దూరమున నున్న మగనిని అడుగుటకు వీలుపడక తొందరలో వ్రాసిన నోటునకు వడ్డీయు అధికముగనే ఉండును.

చెల్లింపులకు సాక్ష్యముండుట రెండవ జాగ్రత్త. ప్రామిసరీ నోటునకు దావా కాలపరిమితి మూడేండ్లు. కొంత సొమ్ము చెల్లించి నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినచో ఆనాటినుండి మరల మూడేండ్లు లెక్కకు వచ్చును. కావున చెల్లు ఇరువురికిని అవసరమే: అప్పిచ్చినవానికి కాలపరిమితి నిలుచును, చెల్లించినవానికి సొమ్ము జమయైనట్లు ఋజువు కలుగును. నోటిమాటపై సొమ్మిచ్చి, సెలవునకు వచ్చిన పిదప లెక్క చూచుకొందమనుకొనుట ప్రమాదము. సొమ్మును బ్యాంకి ద్వారమున పంపుట, చెల్లు వ్రాయించి దాని నకలు ఉంచుకొనుట, తుదిమొత్తము చెల్లించిన నాడు అసలు నోటును తిరిగి తీసికొనుట అను మూడు పనులు తప్పనిసరి. నోటు తిరుగవ్రాయునపుడు వడ్డీని అసలులో కలిపి వ్రాసిరా యని చూచుకొనవలెను. అట్లు కలిపినచో వడ్డీకి వడ్డీ మొదలగును. బ్యాంకి గృహఋణముల విషయమున ఒక సౌకర్యము కలదు. మారు వడ్డీరేటుపై వ్యక్తులు తీసికొన్న గృహఋణమును గడువునకు ముందు తీర్చినచో జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012 జూన్‌లో ఆదేశించినది. కావున నోటును, నగలను విడిపించిన పిదప మిగులు సొమ్మును నిర్భయముగ గృహఋణపు అసలునకు కట్టవచ్చును.

మూడవది అధికారమునకు సంబంధించినది. సొమ్ము సంపాదించువాడు ఒకచోట, చెల్లించునది మరియొకచోట నున్నపుడు ఎవరికేమి అధికారమున్నదో ముందే తేలవలెను. పూర్వము సైనికుని జీతమునుండి కుటుంబమునకు కొంత భాగము మనియార్డరుగ వచ్చెడిది. ఇంటి యిల్లాలు వేలిముద్ర వేసి తీసికొనెడిది. నేడు జీతము బ్యాంకి ఖాతాలో పడును. ఖాతాకు ముడిపడిన ఫోను సైనికునివద్ద, సంకేతము అందని లోయలో ఉండును. ఇంటియొద్ద భార్య సొమ్ము పంపబోవగా వచ్చు ఓ.టి.పి. ఆ ఫోనునకు పోవును. సొమ్ముండియు వాయిదా తప్పును. బయలుదేరకముందే ఇరువురిలో ఎవరైనను నడుపగల ఉమ్మడి ఖాతా తెరచుట, బ్యాంకి వాయిదాలు తమంతట తాము పోవునట్లు ఏర్పాటు చేయుట, భార్య ఫోనునకు ఆ ఖాతాను ముడిపెట్టుట, అవసరమైన పనులకు మాత్రము పరిమితమైన అధికారపత్రము వ్రాసియిచ్చుట మేలు. అన్ని పనులకును అపరిమితమైన అధికారమిచ్చు పత్రమును అన్నదమ్ములకైనను తొందరపడి వ్రాసియీయరాదు. నెలకొకసారి భార్య ఒక పుటలో లెక్క వ్రాసి పంపుటయు మంచి పద్ధతి. ఏ యప్పు ఎంత తగ్గినదో ఆ పుటలో చూచిన జవానునకు మనసు కొంత తేలికపడును.

ఇక చట్టము సంగతి. 1950 నాటి సైన్య చట్టము 28వ సెక్షను ప్రకారము, సైనికుని ఆయుధములు, దుస్తులు, సరంజామా మాత్రమే గాక, జీతభత్యములను కూడ సివిలు లేక రెవెన్యూ కోర్టు డిక్రీకై జప్తు చేయరాదు. 29వ సెక్షను ప్రకారము, సైన్యమునకు చెందియున్నంత కాలము అప్పునకై అతనిని కోర్టు అరెస్టు చేయింపరాదు. 32వ సెక్షను మరియొక సౌకర్యమిచ్చును. వ్యాజ్యము నడుపుకొనుటకే సెలవు మంజూరైనట్లు అధికారి పత్రము చూపినచో, సాధ్యమైనంతవరకు ఆ సెలవు కాలములోనే కోర్టు విచారణ జరుపవలెను. నౌకా, వైమానిక దళములవారికిని ఆయా చట్టములలో ఇట్టి రక్షణలే కలవు. సెలవు దొరకనిచో తన పక్షమున దావా వేయుటకో, దావాకు జవాబిచ్చుటకో మరియొకరికి అధికారమిచ్చుటకు సివిలు ప్రొసీజరు కోడు 28వ ఆర్డరు వీలు కల్పించుచున్నది.

వీనికి తోడు 1925లో చేసిన భారత సైనికుల వ్యాజ్య చట్టము కలదు. యుద్ధ పరిస్థితులలోను, దేశము వెలుపలను, ప్రభుత్వము ప్రకటించిన ఇతర ప్రత్యేక పరిస్థితులలోను పనిచేయు సైనికునిపై దావా వచ్చినపుడు, కోర్టునకు తగిన ధ్రువపత్రము అందినచో విచారణ వాయిదా పడును. అతడు లేనందున ఇంటియొద్ద ఏకపక్షముగ డిక్రీ పుట్టకుండుటకు ఈ యేర్పాటు. కోర్టు నోటీసు ఇంటికి వచ్చినచో దాచియుంచక, వెంటనే అతని యూనిట్‌కును, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకును తెలుపవలెను. ఇచట శ్రోతలు మరువరాని సంగతి యొకటి కలదు. ఆ ప్రత్యేక పరిస్థితులలో గడచిన కాలము కాలపరిమితి లెక్కనుండి కూడ తీసివేయబడును. అనగా సైనికుడు దూరముననున్నందున నోటు చెల్లకుండ పోదు. చట్టము అతనికి వ్యవధి ఇచ్చినదే గాని ఋణవిముక్తి ఈయలేదు. జీతమునకు జప్తు లేదు గదా యని వాయిదాలు ఎగవేసినచో వడ్డీ పెరుగుచునే ఉండును. తాకట్టులోనున్న యిల్లును, నగలును చేజారవచ్చును.

చెప్పుటకు మనసొప్పని విషయమైనను చెప్పక తప్పదు. సైనికుడు తిరిగి రానిచో అప్పు ఏమగును? మరణించినవాని అప్పునకు వారసులు అతనినుండి సంక్రమించిన ఆస్తిమేరకే బాధ్యులు. వారి సొంత ఆస్తిపైకి అది రాదు. ప్రభుత్వ పింఛనునకు కోర్టు జప్తు లేదు. ప్రభుత్వ భవిష్యనిధికి 1925 నాటి ప్రావిడెంటు ఫండ్ల చట్టము రక్షణ కల్పించుచున్నది. కాని నోటుపై భార్య తానును సంతకము చేసినచో, లేక జామీను నిలిచినచో, ఆ బాధ్యత ఆమె సొంతమగును. ఆ సంతకము ఉన్నదా లేదా యను విషయముపై ఒక వితంతువు బ్రతుకు ఆధారపడవచ్చును. అప్పుల కాగితముపై సంతకముల సంగతి వ్రాయుమని మేము మొదట చెప్పుటకు ఇదియే కారణము. కావున మగడు దూరముననున్నపుడు ఎవరు తెచ్చిన కాగితముపైనను చదువక సంతకము చేయవలదని ఇల్లాండ్రకు మా మనవి. భీమాలోను, భవిష్యనిధిలోను, బ్యాంకి ఖాతాలోను నామినీ పేరు సరిగా నున్నదో లేదో బయలుదేరుటకు ముందే సరిచూడవలెను. పెండ్లికి ముందు వ్రాసిన పేరు పెండ్లి తరువాతను అట్లే యుండిపోవుట కలదు.

2022 జూన్‌లో ప్రకటింపబడిన అగ్నిపథ్ పథకమున చేరిన యువకులకు ప్రత్యేకముగ ఒక మాట. వీరి కొలువు నాలుగేండ్లు. అటుపిమ్మట వీరిలో గరిష్ఠముగ 25 శాతమువారిని శాశ్వత సేవలోనికి తీసికొందురని ఆనాడు ప్రకటించిరి. మొదటి యేట నెలకు 30,000 రూపాయలలో 9,000 నిధికి పోగా 21,000 చేతికి వచ్చును. నాలుగవ యేట 40,000 రూపాయలలో 28,000 చేతికి వచ్చును. తుదిని సేవానిధిగ సుమారు పది లక్షల రూపాయలును, దానిపై వడ్డీయు లభించును. ఇట్టివారు తమ కొలువు ఆయువును మించిన ఆయువుగల ఋణమును తీసికొనరాదు. రాబోవు సేవానిధిని చూపి ముందే చేసిన అప్పు, ఆ నిధి చేతికి రాకముందే దానిని తినివేయును. నాలుగేండ్లలో పాత అప్పు తీర్చుకొని, నిధిని చెక్కుచెదరకుండ ఇంటికి తెచ్చుకొన్నవానికి చదువునకో వృత్తికో అది పెట్టుబడి యగును.

పరదేశములలో ఈ సమస్యను ఎట్లు ఎదుర్కొనుచున్నారో చూచుటయు ఉపయోగకరము. అమెరికాలో 1918లోను, 1940లోను సైనికులకు, నావికులకు ఋణబాధ తగ్గించు చట్టములు చేసిరి. వాని స్థానమున 2003 డిసెంబరులో క్రొత్త చట్టము వచ్చినది. కొలువున చేరకముందు చేసిన అప్పుపై, సేవాకాలమున 6 శాతమునకు మించి వడ్డీ తీసికొనరాదని అందలి ప్రధాన నియమము. మించిన వడ్డీని వాయిదా వేయుట గాదు, మాఫీ చేయవలెను. సైనికుడు మాత్రము వ్రాతమూలకముగ కోరవలెను; సేవ ముగిసిన 180 దినములలోపల ఆ కోరిక అందవలెను. సైనికులకిచ్చు పలువిధముల అప్పులపై ఖర్చులతో కలిపి వడ్డీ 36 శాతము దాటరాదని 2006లో మరియొక శాసనము చేసిరి. యుద్ధప్రాంతమునకు పోయినవారికి పదివేల డాలర్లవరకు దాచిన సొమ్ముపై ఏడాదికి 10 శాతము వడ్డీ యిచ్చు పొదుపు పథకమును కలదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలలోను ఆ సైన్యమున చేరినవారు కలరు. వారికి ఈ వివరములు ప్రత్యక్షముగ పనికివచ్చును. మనకు వర్తించు పాఠమొకటి ఇందున్నది. 10 శాతము వడ్డీ చూచి ఆకర్షితుడైన సైనికుడు, క్రెడిట్ కార్డుపై 20 శాతమునకు మించిన వడ్డీ పెరుగుచుండగా పొదుపు పథకమున సొమ్ము వేసినచో అచటను నష్టమే. దేశము మారినను లెక్క మారదు.

తిరిగివచ్చు కాలమును గూర్చి ఒక సూచన చేసి ముగింతుము. క్షేత్ర ప్రాంతమునుండి శాంతి ప్రాంతమునకు మారినపుడు భత్యము తగ్గును, ఖర్చు పెరుగును. ఆ మార్పునకు ఆరు నెలల ముందే, తగ్గిన జీతముతో ఏ యే వాయిదాలు కట్టగలమో ఇంటిలో లెక్క వేసికొనవలెను. సెలవునకు వచ్చిన మొదటి వారములోనే, విందులు ప్రారంభము కాకముందు, ఆలుమగలు అప్పుల కాగితమును ముందిడుకొని, తీరిన నోట్లు చేతికి వచ్చినవా, చెల్లులు సరిగా నున్నవా, నామినీ పేర్లు సరియేనా యని ఒకమారు చూచుకొనవలెను. గంటసేపు చాలు. ఈ వారమున సెలవుపై ఇంటికి వచ్చియున్న జవాను ఎవరైనను ఈ పుట చదివినచో, ఆ గంటను నేడే కేటాయించునని ఆశించుచున్నాము.